ఆగినచోటి నుంచే

"ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, ఈ గింజలు కూడా కాస్త ఏరిపెట్టు" అంటూ డోన్యా ఫాబియోలా ఎర్ర చిక్కుడు గింజల గిన్నెను బల్ల మీద ముందుకు తోసింది. గిన్నె వచ్చి కంప్యూటరుకు తగిలి ఆగింది.

మార్లెనీ ఖాళీగా లేదు. కానీ ఆ ఇంట్లో ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. అదే కుర్చీలో భర్త ఎర్నాన్ కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటే అది పని. అప్పుడు డోన్యా ఫాబియోలా టీవీ సౌండు తగ్గిస్తుంది, వీధిలో అవకాడోలమ్మేవాణ్ణి కూడా "మెల్లిగా కేకెయ్యి నాయనా, మా అబ్బాయి పని చేసుకుంటున్నాడు" అని కసురుతుంది. పదహారేళ్ళ కాపురం తర్వాత కూడా అత్తగారిని, పరాయి పెద్దావిడను పిలిచినట్టు మర్యాదగా, డోన్యా ఫాబియోలా అనే పిలుస్తుంది మార్లెనీ. అమ్మా అని పిలవమని ఆవిడ అననూ లేదు, ఈవిడకు నోరు రానూ లేదు. ఎడమచేత్తో గిన్నెలోంచి రాళ్ళు, పుచ్చులు ఏరి పక్కన పెడుతూ కుడిచేత్తో టైపు చేయడం మొదలుపెట్టింది. అలా రెండు చేతులకు రెండు పనులు చెప్పడం ఆమెకు కొత్తేమీ కాదు.

పెళ్ళికి ముందూ, తర్వాత చాలా ఏళ్ళూ చీప్రే పేటలోని బడిలో చిన్న పిల్లలకు చదువు చెప్పింది మార్లెనీ. కొండ మీది ఊరు మనిసాలెస్‌లో వీధులన్నీ నిచ్చెనలే. వాననాడు ఒకసారి డోన్యా ఫాబియోలా ఆ ఏటవాలు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నాడు ఎర్నాన్. 'ఎవరో ఒకరు' అనే ఆ మాటకు ఆ ఇంట్లో ఒకే ఒక్క పేరుంది. "అమ్మకు పరాయివాళ్ళ చేత స్నానం చేయించుకోవడం ఇష్టముండదు, నీకు తెలుసుగా" అన్నాడు. ఆవిడకు కోడలి చేత చేయించుకోవడం మాత్రం ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఆవిడనీ అడగలేదు, ఈవిడనీ అడగలేదు. బడి మానేసింది. అప్పటికి సగంలో ఉన్న పై చదువు కూడా ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత ఊళ్ళోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు, చదువు చెప్పడం తెలిసిన మనిషి కావాలి, ఇంటి నుంచే చేసుకోవచ్చు అంటే, భోజనాల బల్ల మీదే ఉద్యోగం పెట్టుకుంది.

వాళ్ళు తయారు చేస్తున్నదాని పేరు 'పాసీతో'. చిన్న అడుగు అని. బడి మధ్యలో మానేసిన ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి, ఫోనులోనే పాఠాలు చదువుకుని, హైస్కూలు పూర్తి చేయడానికి. ప్రభుత్వ విద్యాశాఖ చేయించుకుంటోంది. పాఠాలను ముక్కలు చేయడం, ఏది ముందు ఏది వెనక అని పేర్చడం, ఆ ఫోను పలికే ప్రతి మాటా రాయడం మార్లెనీ పని. ఆ వారం రాయాల్సినవి పాఠం మధ్యలో వదిలేసి వెళ్ళేవాళ్ళకు చెప్పాల్సిన మాటలు.

"కొంచెం గట్టిగా ఉండాలి టీచర్" అన్నాడు కంపెనీ నడిపే ఎస్తెబాన్. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమె బడి మానేసి ఎన్నేళ్ళయినా టీచర్ అనే పిలుస్తాడు. "ప్రేమగానే, కానీ గట్టిగా. తగిలేట్టు. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేకపోయింది. మాటలు వెతుక్కునే పని లేకుండా వచ్చేశాయి. 'మనసు ఇక్కడ లేదా? మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం.' 'ఇవాళ కూడా సమయం దొరకలేదా? అనుకుంటే దొరుకుతుంది.' 'మొదలుపెట్టడం అందరూ చేస్తారు, పూర్తి చేసేవాళ్ళే ముందుకెళ్తారు.' చిక్కుళ్ళు ఏరడం అయ్యేలోపు అవీ అయిపోయాయి. చదివి ఎస్తెబాన్ మురిసిపోయాడు. "అచ్చం ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టున్నాయి టీచర్!" అన్నాడు. రాజధాని బొగోతా నుంచి ఒక నటిని పిలిపించి, ఆమె తేటైన గొంతుతో అవన్నీ చదివించారు.

పాసీతో బయటికి వచ్చింది. మొదట్లో వేలంవెర్రిగా చేరారు ఆడవాళ్ళు. రాన్రానూ జారిపోయారు. రోజులో ఏ వేళకు ఎంతమంది చదువుతున్నారో చెప్పే గీతలు ఎస్తెబాన్ తెర మీద చూపించాడు. పాఠం తెరుస్తారు, కాసేపు ఉంటారు, పోతారు. మళ్ళీ తెరుస్తారు, మళ్ళీ పోతారు. కొన్నాళ్ళకు తెరవడమే మానేస్తారు. పాఠం ముప్పావుగంట. మధ్యలో కాసేపు తెర ముట్టుకోకపోతే అది మూసుకుపోయి మొదటికి వెళ్ళిపోతుంది. మనిషి నిజంగా కూర్చుని చదువుతోందో లేదో తెలియాలి కదా అని విద్యాశాఖవాళ్ళు పెట్టించిన నియమం అది.

"శ్రద్ధ లేదు టీచర్, ఇంకేం లేదు. గంట మోగిద్దాం, నక్షత్రాలిద్దాం. రోజూ వస్తే తెర మీద మంట బొమ్మ వెలుగుతుంది, ఒక్కరోజు రాకపోతే ఆరిపోతుంది. ఫోను ఆటల్లో ఉంటుందే, అలా."

మార్లెనీ ఆ గీతలనే చూస్తోంది. గీత ఎక్కడ పడిపోతోందో అక్కడ ఆమెకు వంటింటి గడియారం కనిపించింది. పడిపోయిన చోటల్లా ఎవరో ఒకరికి ఆకలేసే వేళ.

"నేను వెళ్ళి చూసొస్తాను" అంది.

"ప్రశ్నలు రాసి పంపిద్దాం, జవాబులు నింపుతారు."

"నింపరు. చూడాలి."

చూడ్డానికి వెళ్ళడమంటే ఆమెకు ముందు ఇల్లు దాటడం. వంట చేసి, అత్తగారి మాత్రలు పూటపూటకీ విడదీసి పెట్టి, సాయంత్రం పిల్లలిద్దరూ బడి నుంచి వస్తే తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పి, బెల్లం నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసింది. "ఒక మనిషిని చూడ్డానికి లోయ అవతల వియామరీయా దాకా పోవాలా? ఫోన్ చేస్తే చెప్పదూ?" అన్నాడు ఎర్నాన్. కోపంగా కాదు. అతను కోపంగా ఏదీ అనడు. నవ్వుమొహం మనిషి, లెక్కల మాస్టారు, స్నేహితుల్లో మంచివాడని పేరు. లోయ మీదుగా వెళ్ళే కేబుల్ కారులో కూర్చున్నాక మార్లెనీకి తన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండడం కనిపించింది. ఏం చెయ్యాలో తెలియక ఒకదాని మీద ఒకటి వేసుకుంది.

పాసీతోలో చేరినవాళ్ళలో ఒకామె, లుస్ దారీ. ఆమె ఇంటికి గుమ్మం కంటే కిటికీయే ముఖ్యం. కిటికీ దగ్గర బొగ్గుల కుంపటి, దాని మీద అరేపాలు. మొక్కజొన్న పిండితో తట్టిన ఆ రొట్టెలు కాలుతుంటే వీధి చివరి దాకా వాసన. లోపలి గదిలో మంచం పట్టిన మామగారు. ఆమెకు ముప్పై అయిదు ఉండొచ్చు. మోచేతుల దాకా పిండి. ఫోనుకు పాలిథిన్ సంచి తొడిగి, ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టుకుంది.

"రండి డాక్టరమ్మగారూ, కూర్చోండి, కాఫీ తాగుతారా?"

"నేను డాక్టర్ని కాదండీ."

"ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళంతా మాకు డాక్టర్లే. కూర్చోండి. ఇదుగో, మీ ముందు చదివి చూపిస్తా. భిన్నాలండీ."

చదవడం మొదలుపెడుతూ, తనకీ చదువెందుకో చెప్పింది. ఆసుపత్రి వంటశాలలో ఉద్యోగముందట. జీతం, సెలవులు, ముసలితనంలో పింఛను అన్నీ ఉన్నాయట. స్కూలు పూర్తిచేసిన కాగితం ఒక్కటే అడ్డం. "వంటకు భిన్నాలెందుకో నాకు తెలీదు గానీ, అడుగుతున్నారు, చెయ్యాలిగా" అంది. మొదటి లెక్క చకచకా చేసింది. రెండోది చేసింది. మూడోది సగంలో ఉండగా లోపలి గదిలోంచి గోడ మీద చెంచాతో టకటకమని కొట్టిన చప్పుడు. "వస్తున్నా దోన్ ఎవేలియో!" అంటూ లేచింది. ఆయనకు మంచినీళ్ళిచ్చి, దుప్పటి సర్ది వచ్చేసరికి కిటికీ దగ్గర ఒకావిడ నాలుగు అరేపాలకు నిలబడి ఉంది. ఆవిడకు అవి కట్టిచ్చి, ఆవిడ కోడలి పురుడు సంగతి విని, మాడిపోతున్న ఒకదాన్ని తిరగేసి, చేతులు తుడుచుకుని ఫోను ముందుకు వచ్చింది. తెర మొదటికి వెళ్ళిపోయింది. బొగోతా నటి తేటగా అంది: 'మనసు ఇక్కడ లేదా? మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదాం. మొదలుపెట్టడం అందరూ చేస్తారు, పూర్తి చేసేవాళ్ళే ముందుకెళ్తారు!'

"తప్పైపోయిందమ్మా, తప్పైపోయింది" అంది లుస్ దారీ ఫోనుతో, అదొక మనిషైనట్టు. ఆ తర్వాత మార్లెనీ వైపు తిరిగి సిగ్గుపడుతూ నవ్వింది. "నాది కోడిబుర్రండీ. మా ఆయన ఊరికే అనడు."

"రోజూ ఇంతేనా?"

"ఇవాళ నయం. మీరున్నారని మామగారు మర్యాదగా కొడుతున్నాడు." మళ్ళీ మొదటి లెక్క మొదలుపెట్టింది. "ఈ మూడు లెక్కలూ నన్ను నిద్రలో లేపి అడగండి, చెప్తాను. నాలుగోదాని మొహం మాత్రం ఇంతవరకూ చూడలేదు." రొట్టె ఒకటి తిప్పి, ఆగి, ఫోను వైపు గడ్డం చూపించింది. "ఒక్క మాటంటే ఏమీ అనుకోరుగా? ఈమెకు ఈ మాటలు రాసిచ్చింది ఎవరో గానీ, మా ఆయనకు పినతండ్రి కొడుకై ఉంటాడు."

చల్లారిపోతున్న కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది మార్లెనీ. అవునవును అని నవ్వేసి ఊరుకోవచ్చు. ఎస్తెబాన్ పేరు చెప్పినా సరిపోతుంది.

"నేనే రాశాను" అంది.

లుస్ దారీ చేతిలోని అరేపా గాల్లోనే ఆగింది. "మీరా?" అంది. కంగారుపడింది. కాఫీ ఇంకాస్త పోయబోయింది. అంతలో ఆమె మొహంలో ఏదో తేలికపడి, కుంపటి మీదికి వంగి, బొగ్గులు కదుపుతూ మెల్లిగా అంది: "అయితే మీ ఇంట్లోనూ ఉన్నాడన్నమాట ఒకాయన."

మార్లెనీకి ముందు నవ్వొచ్చింది. నవ్వు తర్వాత ఇంకేదో రాబోతే దాన్ని కాఫీతో పాటు మింగింది. "ఉన్నాడు" అంది.

తిరుగుప్రయాణంలో కేబుల్ కారు అద్దాల మీద మంచు కమ్మి లోయ కనిపించలేదు. ఉన్నాడు, అనుకుంది. ఆయన మాటలు ఎక్కడివో ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డ రోజు, 'మనసు ఎక్కడ పెట్టుకున్నావు మార్లెనీ, ఇక్కడ లేదా?' అన్నాడు. ఆ రోజు పెద్దదానికి జ్వరం, అత్తగారికి కట్టు మార్చే రోజు, మనసు ఎక్కడెక్కడ ఉండాలో అన్నిచోట్లా ఉంది, ఉప్పు దగ్గర తప్ప. పై చదువు ఆగిపోయిందని ఆమె ఒకసారి, ఒకే ఒక్కసారి, దిగులుపడితే 'అనుకుంటే టైము దొరుకుతుంది, నాకు దొరకలేదూ?' అన్నాడు. అతనికి దొరికింది నిజమే. అతను సాయంకాలాలు గదిలో తలుపు వేసుకుని డిప్లొమా చదివాడు. ఆ సాయంకాలాలు ఎవరు వండారో, ఎవరు పిల్లల్ని 'ష్, నాన్న చదువుకుంటున్నారు' అని ఊరుకోబెట్టారో ఆ డిప్లొమా కాగితం మీద ఎక్కడా లేదు. తోడికోడలి కూతురి పుట్టినరోజున ఇంటినిండా జనం ఉండగా, ఆమె సగం అల్లిన స్వెట్టరు ఎవరి కంటో పడితే, భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు, 'మా మార్లెనీ మొదలుపెట్టడంలో దిట్ట! పూర్తి చెయ్యడం అంటారా, అది వేరే శాఖ' అని. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు నవ్వడానికి ఎంత బలం కావాలో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. ఇన్నేళ్ళుగా తను విన్న మాటలను తనే శుభ్రంగా కడిగి, ఆశ్చర్యార్థకాలు తగిలించి, ఊరూరా ఎంతమంది వంటిళ్ళలోకో పంపింది. లుస్ దారీ మొగుడు ఇంట్లో లేని గంటల్లో కూడా అతని పని ఆగకుండా ఏర్పాటు చేసింది. పైగా దానికి ఆడగొంతు పెట్టించింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళింది. ఎస్తెబాన్‌కు వివరంగా చెప్పింది. పాఠాన్ని చిన్నచిన్న ముక్కలు చెయ్యాలి, ఒక్కో ముక్క రొట్టె రెండువైపులా కాలేలోపు అయిపోవాలి. మనిషి లేచి వెళ్తే పాఠం మూసుకుపోకూడదు, అక్కడే కూర్చుని ఎదురుచూడాలి, గంటైనా సరే, నెలైనా సరే. గంటలొద్దు, మంటలొద్దు. ఎందుకు రాలేదని అడగొద్దు.

ఎస్తెబాన్ ఫోను మోగింది. చూసి, కట్ చేసి, "చెప్పండి టీచర్" అన్నాడు. చెప్పింది. మధ్యలో ఎవరో తలుపు తోసి సంతకం అడిగారు. పెట్టాడు. "ఆఁ, చెప్పండి" అన్నాడు. చెప్పింది.

"మీ మనసు మంచిది టీచర్. కానీ చదువంటే ఏకాగ్రత. కాసేపు చదివి లేచి, మళ్ళీ వచ్చి కాసేపు చదివి... అలా ముక్కలుముక్కలుగా ఎవరికైనా ఏమైనా ఎక్కుతుందా?"

"నేను వచ్చిన దగ్గర్నుంచి మీరు ఫోన్ చూశారు, సంతకం పెట్టారు, ఇప్పుడు మీ కాఫీ వచ్చింది" అంది మార్లెనీ. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నదున్నట్టు. "ప్రతిసారీ నేను మొదటి నుంచి చెప్పలేదు. మీకు శ్రద్ధ లేదనీ అనలేదు. ఆగినచోటి నుంచే చెప్పాను. మీకు అర్థమవుతూనే ఉందిగా?"

ఎస్తెబాన్ కాఫీ కప్పు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండి నవ్వాడు. నవ్వాడు గానీ వెంటనే ఒప్పుకోలేదు. విద్యాశాఖకు కూర్చున్న గంటల లెక్క కావాలి, ముక్కల లెక్క వాళ్ళ తలకెక్కదు. వారాల తరబడి ఉత్తరాలు తిరిగాయి. పాసీతో ఎలాగూ మునిగిపోతోంది కనుక, పోయేదేమీ లేదు కనుక, చివరికి ఒక్క వియామరీయాలో, వచ్చే పరీక్షల దాకా, చేసి చూడమన్నారు. "కానీ ఈసారి బొగోతా గొంతుకు బడ్జెట్ లేదు టీచర్" అన్నాడు ఎస్తెబాన్. "మీరే రాయండి, మీరే చదివి పంపండి. ఇంట్లో ఫోనులో రికార్డు చేస్తే చాలు."

కొత్త మాటలు రాయడానికి కూర్చుంటే ఒక్కటీ రాలేదు. కిందటిసారి వాటంతట అవే వచ్చాయి. ఈసారి లోపలికి చెయ్యి పెడితే చేతికేమీ తగల్లేదు. ఆలస్యంగా వచ్చినప్పుడు, మధ్యలో వదిలేసి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు, తనను ఎవరైనా ఎప్పుడైనా మామూలుగా రమ్మన్నారా అని గుర్తు చేసుకుంది. అమ్మ అనలేదు, పాపం అమ్మకు అంత తీరికెక్కడిది. ఉద్యోగంలో అనలేదు. ఈ ఇంట్లో సరేసరి. రెండు రోజులు గింజుకున్నాక, మూడోరోజు బట్టలారేస్తూ ఉండగా చీప్రే బడి గుర్తొచ్చింది. రూయిస్ అగ్నిపర్వతం బూడిద చిమ్మిన ఏడాది పిల్లలకు దగ్గులు పట్టుకుని వారాలకు వారాలు బడికి రాలేదు. ఒక్కొక్కళ్ళూ బెదురుచూపులతో గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. తను వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, పుస్తకంలో వరస మీద వాళ్ళ వేలు పెట్టించి 'వచ్చావా, రా. మనం ఇదుగో, ఇక్కడున్నాం' అనేది. అంతే. ఎందుకు రాలేదని అడిగేది కాదు. దగ్గిన పిల్లని దగ్గినందుకు అడుగుతారా? తడి దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది మార్లెనీ. ఆ గొంతు తనకెవరూ ఇవ్వలేదు. అది తనదే.

ఆదివారం భోజనాల దగ్గర ఎర్నాన్ పాత మాటలున్న కాగితం చేతిలోకి తీసుకుని చదివాడు. "బాగానే ఉన్నాయే! ఎందుకు మార్చడం? సూటిగా ఉన్నాయి. ఎవరు రాశారు?"

"నువ్వే" అంది.

"నేనా?"

చెప్పింది. ఉప్పు రోజు, చదువు రోజు, పుట్టినరోజు. గొంతు పెంచలేదు. అన్నం వడ్డిస్తూనే చెప్పింది. ఎర్నాన్ మొహం చిన్నబోయింది. "సరదాకి అన్నాను మార్లెనీ. సరదాకి అన్నవన్నీ ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నావా?"

"దాచుకోలేదు. మాటలు కావాలని లోపల వెతికితే అవే ఉన్నాయి. వేరేవి లేవు."

"మగవాడు బయట ఎన్ని పడి వస్తాడు! ఇంట్లో ఒక మాట అనకూడదా ఏం?" అంది డోన్యా ఫాబియోలా. అంటూనే ఎందుకో చేతిలో చెంచా పళ్ళెంలో పెట్టేసి, తన తుంటి మీద చెయ్యి వేసుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ మొగుడు ఏమేమి సరదాకి అనేవాడో మార్లెనీకి తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. భోజనమయ్యాక ఎర్నాన్ లేచాడు. పళ్ళేలు తీసి తొట్టిలో పెట్టాడు. కడగలేదు, పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం పిల్లలు ఆటలకు వెళ్ళాక, వాళ్ళ గదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే స్వెట్టర్ల మధ్య తల దూర్చినంత దగ్గరగా కూర్చుంది మార్లెనీ. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయని ఎస్తెబాన్ చెప్పాడు. "కాసేపు నన్ను పిలవకండి" అని ముందే చెప్పింది ఇంట్లో. "నేనెందుకు పిలుస్తాను?" అన్నాడు ఎర్నాన్ నొచ్చుకున్నట్టు. నిజంగానే పిలవకూడదనే అనుకుని ఉంటాడు.

ఫోను దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టింది. 'వచ్చారా, రండి. మనం ఇదుగో, ఇక్కడున్నాం. మీరు చేసినదేదీ ఎక్కడికీ పోలేదు. ఆగినచోటి నుంచే...'

"మార్లెనీ!"

కూర్చున్న మనిషి కూర్చున్నట్టే సగం లేచింది. లేవాలని ఆమె అనుకోలేదు. మోకాళ్ళే లేచాయి. పదహారేళ్ళుగా ఆ పిలుపుకు మోకాళ్ళు ముందు లేస్తాయి, మనిషి తర్వాత వెళ్తుంది.

"మార్లెనీ, అమ్మ మధ్యాహ్నం మాత్రలెక్కడ?"

ఫ్రిజ్ మీదున్నాయి. రోజూ అక్కడే ఉంటాయి. అతని కళ్ళకు ఎదురుగా, అతను మంచినీళ్ళ సీసా తీసేచోట ఉన్నాయి. 'ఫ్రిజ్ మీద' అని రెండు మాటలు అనడం ఎంతసేపు. కానీ ఆ రెండు మాటలతో ఆగదు. ఏ రంగువి, ఎన్ని, నీళ్ళు వేడివా చల్లవా, అన్నం తిన్నాకా ముందా. ఇన్నేళ్ళుగా రెండేసి మాటలుగానే కదా రోజంతా అయిపోయింది. మార్లెనీ స్వెట్టర్ల వైపు చూస్తూ మెల్లిగా మళ్ళీ కూర్చుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అవతల ఒక సొరుగు తెరిచారు, మూశారు. ఇంకో సొరుగు. తర్వాత ఫ్రిజ్ దగ్గర అడుగులు. తర్వాత, మాత్ర రేకులోంచి బయటికొచ్చిన చిన్న చప్పుడు. డోన్యా ఫాబియోలా ఏదో అంటే ఎర్నాన్ ఏదో చెప్తున్నాడు.

ఏమీ కాలేదు. ఇంటికప్పు ఇంటికప్పులాగే ఉంది.

'...మొదలుపెడదాం' అంది మార్లెనీ ఫోనులోకి. 'తొందరేమీ లేదు.'

మిగిలినవన్నీ చదివి పంపింది. రెండు రోజులకు ఎస్తెబాన్ ఫోన్ చేశాడు. "అద్భుతంగా ఉంది టీచర్! ఒక్కచోటే, మధ్యలో ఎవరో మిమ్మల్ని పిలుస్తున్నారు, ఆ తర్వాత చాలాసేపు ఖాళీ వచ్చింది. అది కోసేస్తాను, నిమిషంలో పని."

కొయ్యండి అనబోయి ఆగింది మార్లెనీ. బల్ల మీద కూరలున్నాయి, కంప్యూటరుంది, టీవీ మోగుతోంది.

"కొయ్యకండి" అంది.

"తప్పు దొర్లినట్టుంటుంది టీచర్. వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో అనుకోనివ్వండి. అలాగే ఉంచండి."

వియామరీయాలో వదిలేసి వెళ్ళినవాళ్ళంతా తిరిగి రాలేదు. కొందరు వచ్చారు. వచ్చినవాళ్ళు ఉన్నారు. గీతలు ఇప్పుడు కొండల్లా కాక, చిన్నచిన్న చీమల్లా రోజంతా పాకుతున్నాయని ఎస్తెబాన్ ఆశ్చర్యపోయాడు. ఆ చీమలను విద్యాశాఖవాళ్ళకు ఎలా చూపించాలో అతనికి ఇంకా తెలియలేదు. మిగతా ఊళ్ళ సంగతి పరీక్షల తర్వాత చూద్దామన్నారు.

ఒకరోజు పొద్దున్న, మార్లెనీ బస్సు కోసం నిలబడి ఉండగా లుస్ దారీ గొంతు వచ్చింది ఫోనులో. కుంపటి చిటపటల మధ్య, నవ్వుతూ, కాస్త ఆయాసపడుతూ:

"టీచరమ్మా, భిన్నాలు దాటేశానండీ! ఇప్పుడు కోణాలు. అది కాదు గానీ, వేరే సంగతి చెబుదామని. ఆ ఫోనులో మీరు మాట్లాడుతుంటే ఎవరో మగాయన మిమ్మల్ని పిలుస్తాడు కదా, రెండుసార్లు? మొదటిసారి వినగానే నేనే లేచి నిలబడ్డా, మా ఇంట్లోనే అనుకుని! తర్వాత ఎదురింటి నోహేమీని పిలిచి వినిపించాను. ఇద్దరం కుంపటి వదిలేసి, ఊపిరి బిగబట్టుకుని విన్నాం, ఇప్పుడు వెళ్ళిపోతుంది చూడు, ఇప్పుడు వెళ్ళిపోతుంది చూడు అని..."

ఆమె బొగ్గులు కదుపుతున్న చప్పుడు వినిపించింది.

"మీరు వెళ్ళలేదు టీచరమ్మా."